గ్రాములు కాదు మాస్టారూ, బ్లాడర్ సంగతి చూడండి

(ఒక పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశంలో యూరాలజిస్టు (మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు) చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం అండీ. మైకు వినపడుతోందా? వెనక కూర్చున్న అమ్మలకి కూడా వినపడాలి. ఈ ప్రొస్టేట్ జబ్బు వచ్చేది మగవాళ్లకే అయినా మొదట కనిపెట్టేది మీరే. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారని అడిగితే ఆయన "ఒకటీ రెండుసార్లండీ" అంటారు. పక్కన ఆవిడ మాట్లాడకుండా నాలుగు వేళ్లు చూపిస్తుంది. (నవ్వులు)

సెక్రటరీ గారు ఫోన్ చేసి గంటన్నర మాట్లాడమన్నారు. ఈ సబ్జెక్టు మీద మిమ్మల్ని గంటన్నర కదలకుండా కూర్చోబెడితే పాపం తగులుతుంది. బాత్రూం కుడిచేతి తలుపు పక్కనే ఉంది. లేచి వెళ్లండి, నేనేమీ అనుకోను.

ముందు ప్రొస్టేట్ గ్రాముల సంగతి తేల్చేద్దాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే స్కాన్ కవరు టేబుల్ మీద పెట్టి, "సార్, నాది 62 గ్రాములు" అంటారు, కంసాలి దగ్గర గొలుసు తూకం చెప్పినట్టు. వెంటనే, "మా బావమరిదికి 45 అంటేనే ఆపరేషన్ చేశారు, మరి నాకు?" అని అడుగుతారు.

ప్రొస్టేట్ అనేది మూత్రాశయం, అంటే బ్లాడర్, దాని కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. పేపర్లో పౌరుష గ్రంథి అని రాస్తారు. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు, ఒక పెద్ద ఉసిరికాయంత. నలభై దాటాక లోపలి భాగం మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఈ పెరుగుదల ఉంటుంది. ఎనభై దాటినవాళ్లలో ఎక్కువమందికి ఉంటుంది. జుట్టు నెరవడంతో పోల్చదగిన విషయం. కాకపోతే నెరిసిన జుట్టు దేనికీ అడ్డం రాదు, ఇది మూత్రానికి అడ్డం వస్తుంది.

అయితే ఎంత పెరిగిందనేది ఎంత అడ్డం వచ్చిందో చెప్పదు. 140 గ్రాముల గ్రంథి ఉన్న పెద్దాయన ఒకరు నా దగ్గరికి ఏడాదికోసారి వస్తారు. ధార బాగుంది, బ్లాడర్ ఖాళీ అవుతోంది, రాత్రి ఒక్కసారి లేస్తారు. ఆయన జోలికి నేను వెళ్లలేదు. 30 గ్రాములు కూడా లేని ఇంకొకాయనకి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఆయనకి గ్రంథి మధ్యభాగం బ్లాడర్‌లోకి పొడుచుకువచ్చి, మూత్రం పోయబోయిన ప్రతిసారీ బిరడా పడ్డట్టు దారి మూసేస్తోంది. గ్రంథి బయటివైపుకి పెరిగితే ఇబ్బంది తక్కువ, నాళం మీదికి పెరిగితే ఎక్కువ. గ్రాములు ఆపరేషన్ *ఎలా* చేయాలో నాకు చెప్తాయి. *చేయాలా వద్దా* అనేది చెప్పేది మీ బ్లాడర్.

మీలో వ్యవసాయం చేసినవాళ్లు ఉన్నారు కదా. బోరు మోటారు నడుస్తుంటే గేట్ వాల్వ్ ముప్పాతిక మూసేశారనుకోండి. నీళ్లు వస్తాయి, సన్నగా వస్తాయి. మోటారు మాత్రం మూలుగుతూ పనిచేస్తుంది. బ్లాడర్ కండరం కూడా అంతే. మొదట్లో బలంగా నొక్కి పని నడిపిస్తుంది, కండ మందమవుతుంది. అప్పుడే మీకు "వచ్చిందంటే ఆగదు" అనే తొందర మొదలవుతుంది. కొన్నేళ్లకి కండరం అలసిపోతుంది, మూత్రం లోపల మిగిలిపోతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి, రాళ్లు తయారవుతాయి. ఇంకా వదిలేస్తే ఆ ఒత్తిడి పైకి, కిడ్నీల మీదికి పాకుతుంది. మోటారు కాలిపోయాక గేట్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఏం లాభం?

ఈ మాట మా ఇంట్లోవాళ్లకే చెప్పలేకపోయాను. మా మామగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అల్లుడు యూరాలజిస్టని ఊరంతా చెప్పుకునేవారు. తన ఇబ్బంది మాత్రం అల్లుడికి చెప్పడానికి నామోషీ. పెళ్లిళ్లకి రావడం మానేశారు, అడిగితే మోకాళ్ల నొప్పులన్నారు. కాశీ యాత్రకి డబ్బు కట్టి బస్సు ఎక్కలేదు. మా అత్తగారు ఒక్కరే వెళ్లొచ్చారు. బయటికి వెళ్లాల్సిన రోజు పొద్దుట్నుంచీ మంచినీళ్లు ముట్టుకునేవారు కాదట. ఊళ్లో ఒకరి దగ్గర రెండేళ్లు ఏవో మాత్రలు వాడారు. చివరికి రాత్రిపూట పక్క తడుస్తోందని మా అత్తగారు మా ఆవిడకి చెప్తే, మా ఆవిడ నాకు చెప్పింది.

పెద్దవయసులో పక్క తడవడం అంటే బ్లాడర్ ఖాళీ అవుతోందని అనుకుంటాం. అసలు సంగతి చాలాసార్లు తలకిందులు. బ్లాడర్ నిండిపోయి, కుండ పొంగినట్టు పొర్లిపోతోంది. నొప్పి ఉండదు, అదే దాని ప్రమాదం. ఆయన పొట్ట మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 5 దాటింది. పైపు వేస్తే లీటరున్నర వచ్చింది. తర్వాత రెండు రోజులు కిడ్నీలు వరదలా మూత్రం వదిలాయి. దానికి సరిపడా సెలైన్ పెట్టి కాపాడుకున్నాం. క్రియాటినిన్ తగ్గింది కానీ మామూలుకి రాలేదు, రెండు దగ్గర ఆగింది. ఆపరేషన్ మా సీనియర్ చేశారు. మామగారి మీద కత్తి పట్టే ధైర్యం నాకు లేదు. (నవ్వులు) దారి పూర్తిగా తెరుచుకుంది. కానీ బ్లాడర్ కండరానికి సత్తువ మిగల్లేదు. ఆ తర్వాత ఆరేళ్లు రోజుకి మూడుసార్లు చిన్న పైపు తనే వేసుకుని ఖాళీ చేసుకున్నారు. లెక్కల మాస్టారు కదా, ప్రతిసారీ ఎన్ని మిల్లీలీటర్లో పుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకాలు నా దగ్గరున్నాయి.

2024 జనవరిలో బ్రిటన్ రాజు చార్లెస్ తనకి ప్రొస్టేట్ పెరిగిందని, దానికి చికిత్స చేయించుకోబోతున్నానని ప్యాలెస్ ద్వారా లోకమంతటికీ ప్రకటించాడు. అక్కడి ప్రభుత్వ వైద్య వెబ్‌సైట్లో ఆ జబ్బు గురించిన పేజీని జనం ఎగబడి చదివారు. రాజుకి లేని మొహమాటం మనకెందుకండీ?

సరే, పరీక్షలు. మొట్టమొదటి పరీక్షకి ఖర్చు లేదు, ఏడు ప్రశ్నల కాగితం. ధార ఎలా ఉంది, ఆగి ఆగి వస్తోందా, ముక్కాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు, మొత్తం 35. ఇక్కడ మార్కులు తక్కువొస్తేనే పాసు. ఏడు లోపు ఉంటే ఊరికే గమనిస్తాం, 20కి చేరితే తీవ్రం కిందే లెక్క. తర్వాత ఒక గరాటులాంటి మిషన్లో మూత్రం పోయమంటాం. అది సెకనుకి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో గ్రాఫు గీస్తుంది. 15 దాటితే సాధారణంగా మంచిదే, 10 లోపైతే అనుమానం. మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కాన్లో చూస్తాం. నన్నడిగితే గ్రాముల కంటే ఆ మిగులే ముఖ్యం.

ఇంకో పరీక్ష మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక కొలత మగ్గు కొనుక్కుని మూడు రోజులు టైమూ కొలతా రాయండి. 24 గంటల మూత్రంలో మూడో వంతుకి మించి పడుకున్నాకే వస్తోంటే, ఆ తప్పు చాలావరకు ప్రొస్టేట్‌ది కాదు. కాళ్ల వాపుల్లో పగలంతా నిలవున్న నీరు పడుకోగానే దిగుతుంది, షుగర్ కావచ్చు, గుండె కావచ్చు, నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. వీళ్లకి ప్రొస్టేట్ ఆపరేషన్ చేస్తే ధార బాగుపడుతుంది, రాత్రి లేవడం మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత నన్ను తిట్టుకుంటారు. కొత్తలో ఒకరిద్దరి చేత నేనూ తిట్టించుకున్నాను.

పీఎస్ఏ అనే రక్తపరీక్షలో అంకె పెరిగితే క్యాన్సరేనని భయాలున్నాయి. ప్రొస్టేట్ పెరుగుదల క్యాన్సర్‌గా మారదు. ఒకే ఇంట్లో అద్దెకున్న రెండు కుటుంబాలనుకోండి: ఒకరు లోపలి గదిలో, ఇంకొకరు బయటి వసారాలో. పెరుగుదల గ్రంథి లోపలి భాగంలో, క్యాన్సర్ ఎక్కువగా బయటి అంచులో పుడుతుంది. పీఎస్ఏ మాత్రం రెండింట్లోనూ పెరగవచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగి పైపు వేసినా కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. ఒక హెచ్చరిక: గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలు పైబడి వాడుతుంటే పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే అది 6 కింద చదువుకోవాలి. ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పకపోతే నేను "నార్మల్" అని పంపించేస్తాను.

మందుల గురించి క్లుప్తంగా చెప్తాను. రెండు రకాలు. టాంసులోసిన్ లాంటివి ప్రొస్టేట్, బ్లాడర్ మెడ దగ్గరి కండరాన్ని వదులు చేస్తాయి, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు. ఇప్పుడు చెప్పిన ఫినాస్టెరైడ్ రకం గ్రంథినే కుదిస్తుంది, కానీ ఆర్నెల్లు ఓపిక పట్టాలి. చాలామందికి మందులతోనే జీవితం సాఫీగా వెళ్లిపోతుంది. అలాంటివాళ్లకి ఆపరేషన్ చేయనవసరం లేదు. ఇంకో మాట. జలుబు చేస్తే మెడికల్ షాపులో మీరే అడిగి తెచ్చుకునే మాత్రలున్నాయే, ముక్కు దిబ్బడ తగ్గించేవి, వాటిలో కొన్ని బ్లాడర్ మెడ దగ్గర బిగదీస్తాయి. డిసెంబరు, జనవరిలో మూత్రం బంద్ అయి అర్ధరాత్రి వచ్చేవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న, "జలుబు మాత్ర వేసుకున్నారా?"

మరి ఆపరేషన్ ఎవరికి? మూత్రం పూర్తిగా ఆగి, పైపు వేసి, మందిచ్చి, రెండు మూడు రోజులకి పైపు తీసినా మళ్లీ ఆగిపోయినవాళ్లకి. బ్లాడర్‌లో రాళ్లు పుట్టినవాళ్లకి. మాటిమాటికీ ఇన్ఫెక్షన్, లేదా రక్తం పడేవాళ్లకి. కిడ్నీలు ఉబ్బినవాళ్లకి. వీళ్ల విషయంలో వాయిదాలు పనికిరావు. మందులు సరిపోక, లేదా పడక, ఇక ఈ బతుకు వద్దు బాబూ అనిపించినవాళ్లు మిగిలారు. అది వాళ్ల నిర్ణయం. నేను తోడుంటాను, తొందరపెట్టను.

ఈ ఆపరేషన్ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఒక ముచ్చట ఉంది. కథ మన దేశం నుంచే మొదలవుతుంది. పీటర్ ఫ్రేయర్ అని ఒక ఐరిష్ సర్జన్. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసి, బ్లాడర్‌లో రాళ్లు పగలగొట్టడంలో పేరు తెచ్చుకున్నాడు. తిరిగి లండన్ వెళ్లి 1900 డిసెంబరులో పొట్ట కింద కోసి, బ్లాడర్ తెరిచి, చూపుడు వేలు లోపలికి పెట్టి ప్రొస్టేట్‌ని ఒలిచి తీశాడు. ఆ పద్ధతి తనదేనని గట్టిగా చెప్పుకున్నాడు. న్యూయార్క్‌లో ఫుల్లర్ అనే ఆయన అంతకుముందే చేశాడు, ఆ గొడవ చాలాకాలం నడిచింది. ఎవరు ముందైతే మనకేమి గానీ, ఆ వేలు చేసిన పని చూడండి. బత్తాయిని ఊహించుకోండి. తొక్కకీ తొనలకీ మధ్య వేలు పోనిస్తే తొనలన్నీ ముద్దగా ఊడొస్తాయి, తొక్క అలాగే ఉంటుంది. ప్రొస్టేట్‌లో పెరిగింది తొనలు, అసలు గ్రంథి చుట్టూ నొక్కుకుపోయి తొక్కలా మారుతుంది. 1945లో మిలిన్ అనే ఇంకో ఐరిష్ సర్జన్ బ్లాడర్ తెరవకుండా, ముందువైపు నుంచి నేరుగా ఆ తొక్కనే కోసి తొనలు తీశాడు.

ఈలోగా అమెరికాలో కోత లేకుండా మూత్రనాళం గుండా పరికరం పంపి, కరెంటు తీగతో కొంచెం కొంచెంగా చెక్కి తీసే పద్ధతి వచ్చింది. అదే టీయూఆర్‌పీ. మీరందరూ విన్నది అదే. బత్తాయికి ఒక చోట చిల్లి పెట్టి చెంచాతో తొనలు గీకి తీసినట్టు. మా తరం సర్జన్లు దీని మీదే చెయ్యి తిప్పుకున్నారు. అప్పట్లో లోపల చూపు స్పష్టంగా ఉండటానికి గ్లైసిన్ అనే ద్రవం పారించేవాళ్లం. సెలైన్లో ఆ పాత కరెంటు పనిచేయదు. ఆ గ్లైసిన్ తెగిన రక్తనాళాల్లోంచి ఒంట్లోకి ఎక్కువగా ఇంకితే సోడియం పడిపోతుంది, మనిషి తికమకపడిపోతాడు. అందుకే గంటలోపు ముగించాలని నియమం.

వెన్నుకి మత్తు ఇస్తాం కాబట్టి పేషెంటు మెలకువగానే ఉంటాడు. నేను పీజీ చదివే రోజుల్లో మత్తు డాక్టరమ్మ ఒకావిడ పేషెంటుతో కబుర్లాడుతూనే ఉండేది. ఒకసారి రిటైరైన తెలుగు పండితుడు టేబుల్ మీదున్నాడు. పద్యాలు చదవమంటే ఆయన ఉత్సాహంగా సీసపద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు ఖంగుమని చదివాడు. మూడో పాదం దగ్గర ఆగి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ అక్కడే ఆగాడు. ఆవిడ నావైపు చూసి, "ఆపెయ్యి. ఆయన పద్యం మర్చిపోయే మనిషి కాదు" అంది. రక్తం పరీక్షకి పంపితే సోడియం 118కి పడిపోయి ఉంది. ఆపేశాం, ఐసీయూలో సరిచేశాం. మర్నాడు సాయంత్రానికి పద్యం పూర్తి చేశాడు. ఇప్పుడు బైపోలార్ పరికరాలొచ్చాయి, సెలైన్లోనే పనిచేస్తాయి, ఆ భయం తప్పిపోయింది.

ఇక లేజర్. న్యూజిలాండ్‌లో టౌరంగా అనే ఊళ్లో పీటర్ గిల్లింగ్ అనే సర్జన్ 1990ల్లో హోల్మియం లేజర్‌తో తొనల్ని తొక్క నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. దాన్నే హోలెప్ అంటాం. ఊడదీసిన ముద్దని బ్లాడర్‌లోకి నెట్టి, అక్కడ మిక్సీలాంటి పరికరంతో ముక్కలు చేసి పీల్చేస్తాం. అంటే ఫ్రేయర్ వేలు వెళ్లిన దారిలోనే ఇప్పుడు లేజర్ వెళ్తోంది. కోత లేదు, రక్తం తక్కువ. 150 గ్రాములున్నా చేయొచ్చు. గుండెకి స్టెంట్ పడి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లకి ఇదే మేలు. మందులు ఆపాలా వద్దా అనేది మాత్రం మీ గుండె డాక్టరూ నేనూ మాట్లాడుకుని తేలుస్తాం. మీరే ఆపేసుకుని రావద్దు. ఇది నేర్చుకోవడం సులువు కాదు. మొదటి యాభై కేసులు నాకు చెమటలు పట్టించాయి.

బోర్డు మీద "లేజర్" అని ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. కొన్ని లేజర్లు ఊడదీస్తాయి, కొన్ని ఆవిరి చేస్తాయి. ఆవిరి చేసేస్తే బయాప్సీకి ముక్క మిగలదు. తీసిన ముక్కలో అరుదుగా దాగున్న క్యాన్సర్ బయటపడుతుంది కాబట్టి అడగండి: "డాక్టర్ గారూ, తీస్తారా, కాలుస్తారా? ముక్క పరీక్షకి పంపుతారా?" అడిగితే చిరాకుపడే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మంచి టీయూఆర్‌పీ చేసే చెయ్యి ఉన్న చోట, 50 గ్రాముల గ్రంథికి లేజర్ కోసం అప్పు చేయాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎవరూ అడగని సంగతి. అమ్మలు ఉన్నారని మీరు అడగరు, అమ్మలు మీరున్నారని అడగరు. ఆపరేషన్ తర్వాత సంసారం? అంగస్తంభన చాలామందికి ముందెలా ఉందో అలాగే ఉంటుంది. వీర్యం మాత్రం ఎక్కువమందికి బయటికి రాదు. వెనక్కి బ్లాడర్‌లోకి పోయి, తర్వాత మూత్రంలో కలిసిపోతుంది. ఒంటికి హాని లేదు. కానీ ముందు చెప్పకుండా చేస్తే మనసుకి హాని. ఒకాయన ఆపరేషనైన మూడు నెలలకి వచ్చి, "నన్ను ఏదో చేసేశారు" అని ఏడ్చాడు. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆ మాట ఉంది. నోటితో నేను చెప్పలేదు. డెబ్బై ఏళ్లవాడికి ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పే. ఆ రోజు నుంచి తొంభై ఏళ్లవాళ్లకైనా చెప్తున్నాను. (నవ్వులు) ఈ విషయం ముఖ్యమనుకునేవాళ్లకి వేరే చిన్న పద్ధతులున్నాయి. గ్రంథిని దారంతో పక్కకి లాగి కట్టేది ఒకటి, వేడి ఆవిరి ఎక్కించేది ఒకటి. పెద్ద నగరాల్లో చేస్తున్నారు. అందరికీ నప్పవు.

ఇంటికెళ్లాక కొన్ని వారాలు మంట, తొందర ఉంటాయి. లేజర్ చేయించుకున్నవాళ్లకి దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు పడొచ్చు, ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. పది పదిహేను రోజులకి లోపలి పక్కు ఊడి మళ్లీ ఎర్రగా పడొచ్చు. నీళ్లు బాగా తాగితే చాలావరకు తేలిపోతుంది. గడ్డలు కట్టి ఆగిపోతే మాత్రం వెంటనే రావాలి. నెలన్నర దాకా స్కూటరు, బియ్యం బస్తా, ముక్కి విరేచనానికి వెళ్లడం వద్దు. ఇంకోటి, "ప్రొస్టేట్ తీసేశారు కదా, ఇంక క్యాన్సర్ రాదు" అనుకోవద్దు. తొనలే తీశాం, తొక్క ఉంది. పీఎస్ఏ చేయించుకోవాలా అని మీ డాక్టర్ని అడుగుతూనే ఉండండి.

ప్రశ్నలు అడగండి. మీరు, చారల చొక్కా మాస్టారూ.

(శ్రోత: డాక్టర్ గారూ, నాకు టాంసులోసిన్ మూడేళ్లుగా నడుస్తోంది. వచ్చే సోమవారం కంటికి శుక్లం ఆపరేషన్ పెట్టుకున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు కదా?)

కూర్చోకండి, నిలబడే ఉండండి. సంబంధం ఉంది. ఆ మాత్ర కంటిపాప చుట్టూ ఉండే కండరాన్ని కూడా వదులు చేస్తుంది. శుక్లం తీస్తుంటే ఆ పొర గుడ్డపీలికలా ఊగుతుంది, పాప కుంచించుకుపోతుంది. కంటి డాక్టర్లు 2005లో ఈ సంగతి బయటపెట్టారు. ఇప్పుడు మాత్ర ఆపినా దాని ప్రభావం పోతుందని నమ్మకం లేదు, కాబట్టి మీ అంతట మీరు ఆపకండి. డాక్టరుకి ముందే తెలిస్తే దానికి తగ్గ పరికరాలతో, మందులతో సిద్ధంగా ఉంటారు. చెప్పారా ఆయనకి?

(శ్రోత: వాళ్లు షుగరూ బీపీ మందులే అడిగారండీ.)

ఫోన్ ఉందా మీ దగ్గర? ఇప్పుడే చేసి చెప్పండి. ఆ పక్కకి వెళ్లి మాట్లాడి రండి, ఈలోగా ఇంకొకరి ప్రశ్న తీసుకుంటాను.